ట్రాన్స్‌సీవర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి ఎఫ్‌టీ8 మొదలుపెట్టడం ఎలా?

విజయవాడలో అపార్ట్‌మెంట్ మిద్దె మీద అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు తీగ కట్టి, కింద గదిలో హ్యామ్ రేడియో ట్రాన్స్‌సీవర్ (వినడానికీ ప్రసారానికీ పనికొచ్చే రేడియో) మైకు పట్టుకుని అరగంట సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలిచినా ఎవరూ పలకని సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి. చుట్టూ ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ బల్బులు, లిఫ్టు మోటారు. వాటి గోలతో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు ఎప్పుడూ 7 దగ్గరే ఉంటుంది. ఆ గోల కింద ఉన్న మనిషి గొంతును ఎవరి చెవీ పట్టుకోలేదు. అదే తీగ, అదే రేడియోతో, మాటలకు బదులు కంప్యూటర్ టోన్లతో చిన్న సందేశాలు పంపే ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ పెట్టిన రోజు మాత్రం స్క్రీన్ మీద యూరప్ కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు) వరసగా పడ్డాయి. మీ పరిస్థితి కూడా ఇదే అయితే ఈ పని తప్పకుండా చేయండి.

ఎఫ్‌టీ8ను 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే తయారుచేశారు. టేలర్ అంటే జంట పల్సార్‌ను కనుగొన్నందుకు 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్తే. ఈ మోడ్‌లో ఒక్కో స్టేషన్ సుమారు 50 హెర్ట్జ్ వెడల్పు మాత్రమే వాడుకుంటుంది. 2500 హెర్ట్జ్ వెడల్పులో ఉండే నాయిస్‌తో పోలిస్తే 20 డెసిబెల్స్ కింద ఉన్న సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ చదివేస్తుంది. మన ఊళ్ల గోలకు ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

ఒక మాట ముందే చెప్పాలి. ప్రసారం చేయాలంటే ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష పాసై, టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చిన లైసెన్సు చేతిలో ఉండాలి. మీ గ్రేడుకు ఏ బ్యాండ్లు, ఎంత పవర్, ఏ ఎమిషన్లు (ప్రసార రకాలు) ఇచ్చారో ఆ కాగితం తీసి చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

చెవి, నోరు, వేలు

కేబుళ్లు, డ్రైవర్లు, పోర్టులు అనేసరికి చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి రేడియోకూ కంప్యూటర్‌కూ మధ్య జరిగే పనులు మూడే. రేడియోలో వచ్చే ఆడియో కంప్యూటర్ వినాలి, అది చెవి. కంప్యూటర్ పుట్టించే టోన్లు రేడియోలోకి వెళ్లాలి, అది నోరు. మైకు మీద ప్రసారం మొదలుపెట్టే పీటీటీ బటన్ నొక్కే పని కంప్యూటరే చేయాలి, అది వేలు. ఫ్రీక్వెన్సీని కూడా కంప్యూటర్ నుంచే మార్చే క్యాట్ కంట్రోల్ సౌకర్యం మాత్రమే, అది లేకపోయినా పని జరుగుతుంది.

ఈ మూడింటినీ ఒకేసారి కలిపి "పనిచేయడం లేదు" అని తల పట్టుకోవద్దు. ముందు చెవి, తర్వాత గడియారం, తర్వాత వేలు, చివరికి నోరు. ఒకటి సరిగ్గా పనిచేశాకే రెండోది ముట్టుకోండి. ఈ వ్యాసమంతా ఆ వరసలోనే వెళ్తుంది.

మీ రేడియో ఏ రకం?

ఐకామ్ ఐసీ-7300, యాయెసు ఎఫ్‌టీ-991ఏ లాంటి రేడియోల్లో సౌండ్ కార్డు లోపలే ఉంటుంది. ప్రింటర్‌కు వాడే లాంటి ఒక్క యూఎస్‌బీ కేబుల్‌తో మూడు పనులూ అయిపోతాయి. కేబుల్ గుచ్చకముందే కంపెనీ సైటు నుంచి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి. 991ఏ కలిపితే కంప్యూటర్‌లో రెండు కామ్ (సీరియల్) పోర్టులు కనిపిస్తాయి. వాటిలో "ఎన్‌హాన్స్‌డ్" అని ఉన్నది క్యాట్ కోసం, "స్టాండర్డ్" అని ఉన్నది పీటీటీ కోసం.

ఎఫ్‌టీ-891 దగ్గర చాలామంది పొరబడతారు. దానికీ యూఎస్‌బీ సాకెట్ ఉంది కానీ అందులో క్యాట్, పీటీటీ మాత్రమే వస్తాయి, ఆడియో రాదు. ఆడియో కోసం వెనక ఉన్న ఆరు పిన్నుల డేటా జాక్ వాడాలి. ఎఫ్‌టీ-817, 857, 897లకు కూడా అదే జాక్. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన మైక్రోబిటెక్స్ లాంటి కిట్ రేడియో ఉంటే మైకు జాక్, స్పీకర్ జాక్‌లే మీ దారి.

రేడియోకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే సిగ్నలింక్, డిజిరిగ్ లాంటి రెడీమేడ్ ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి. డబ్బుకు ఇబ్బంది లేకపోతే కొనుక్కోండి, తప్పేమీ లేదు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వస్తే మాత్రం సొంతంగా కట్టుకోమనే చెబుతాను. రేపు ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో మీకే తెలుస్తుంది.

సొంతంగా కట్టుకునే ఇంటర్‌ఫేస్

గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ స్పేర్ పార్టుల షాపులకు వెళ్తే చాలావరకు దొరుకుతాయి. కావలసినవి: హెడ్‌ఫోన్‌కూ మైకుకూ వేర్వేరు జాక్‌లు ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఒక యూఎస్‌బీ-సీరియల్ మాడ్యూల్, ఒక పీసీ817 ఆప్టోకప్లర్ (తీగ కలపకుండా వెలుగుతో స్విచ్ వేసే చిప్), 600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, 10 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండేసి, 470 ఓమ్‌లది ఒకటి, ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్. ట్రాన్స్‌ఫార్మర్ దొరక్కపోతే పాత సామాన్ల దుకాణంలో డయల్-అప్ మోడెమ్ కోసం వెతకండి. అందులో ఫోన్ లైను పక్కన ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మనకు కావలసిందే.

ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకంటే, ల్యాప్‌టాప్ బాడీకీ రేడియో బాడీకీ మధ్య కరెంటు తిరగకుండా ఉండటానికి. రెండు పిన్నుల చార్జర్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ అంచు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం మీకు అనుభవమే అయి ఉంటుంది. నేరుగా వైరుతో కలిపితే ఆ లీకేజీ రేడియోలోకి వచ్చి, మీ సిగ్నల్‌లో 50 హెర్ట్జ్ హమ్ అయి కూర్చుంటుంది.

ఆరు పిన్నుల డేటా జాక్‌కు సరిపోయే ప్లగ్ కోసం వెతకనక్కర్లేదు. పాత పీఎస్2 మౌస్, కీబోర్డులకు ఉండే ప్లగ్ అదే. అయితే మౌస్ కేబుల్‌లో సాధారణంగా నాలుగు తీగలే ఉంటాయి. మనకు తప్పనిసరిగా కావలసిన రెండో పిన్నుకు తీగ ఉండదు. పీఎస్2 ఎక్స్‌టెన్షన్ కేబుల్ దొరికితే అందులో ఆరూ ఉండే అవకాశం ఎక్కువ. ఏది కొన్నా మల్టీమీటర్‌తో ప్రతి పిన్నూ కంటిన్యుటీ చూసి, ఏ రంగు తీగ ఏ పిన్నుదో కాగితం మీద రాసుకోండి. పిన్నుల వరస ఇది: 1 డేటా ఇన్, 2 గ్రౌండ్, 3 పీటీటీ, 4 వేగవంతమైన 9600 డేటా అవుట్, 5 మామూలు 1200 డేటా అవుట్, 6 స్క్వెల్చ్. మనకు కావలసినవి 1, 2, 3, 5. ప్లగ్ వైపు నుంచి చూస్తే ఒకలా, సాకెట్ వైపు నుంచి చూస్తే దానికి అద్దంలో బొమ్మలా ఉంటుంది కాబట్టి మాన్యువల్‌లో బొమ్మ పక్కన పెట్టుకునే సోల్డర్ చేయండి.

చెవి దారి: ఐదో పిన్ను, గ్రౌండ్ ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఒక వైపుకు ఇవ్వండి. రెండో వైపు నుంచి 10 కిలో ఓమ్ సిరీస్‌లో, 1 కిలో ఓమ్ గ్రౌండ్‌కు ఉండే డివైడర్ (వోల్టేజీ తగ్గించే జత) పెట్టి, ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా సౌండ్ కార్డు మైకు జాక్‌లోకి తీసుకెళ్లండి. మైకు జాక్ మీద కొద్దిపాటి డీసీ వోల్టేజీ ఉంటుంది, కెపాసిటర్ దాన్ని ఆపుతుంది.

నోటి దారి: హెడ్‌ఫోన్ జాక్ నుంచి 10 కిలో ఓమ్ సిరీస్‌లో, 1 కిలో ఓమ్ గ్రౌండ్‌కు. ఆ 1 కిలో ఓమ్ మీద నుంచి రెండో ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి ఒకటో పిన్ను. రేడియోకు కావలసింది కొన్ని పదుల మిల్లీవోల్టులే, హెడ్‌ఫోన్ జాక్ ఇచ్చేది వోల్టు దాకా ఉంటుంది. ఈ డివైడర్ లేకపోతే వాల్యూమ్ 2 మీద పెట్టినా ఎక్కువే అవుతుంది.

వేలు దారిలో ఒక మెలిక ఉంది. చిన్న సీరియల్ మాడ్యూళ్లలో సాఫ్ట్‌వేర్ ఆన్, ఆఫ్ చేయగలిగే ఆర్‌టీఎస్ పిన్ను ఖాళీగా ఉన్నప్పుడు హై వోల్టేజీలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఆన్ చేసినప్పుడు లో వోల్టేజీకి దిగుతుంది. మామూలుగా అనుకునేదానికి ఇది పూర్తిగా తలకిందులు. అందుకే మాడ్యూల్‌లోని 3.3 వోల్టుల పిన్ను నుంచి 470 ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీ ఆనోడ్, దాని క్యాథోడ్ ఆర్‌టీఎస్‌కు కలపండి. 5 వోల్టుల పిన్ను వాడొద్దు. ఆర్‌టీఎస్ 3.3 దగ్గరే ఆగితే మిగిలిన తేడాకే ఎల్‌ఈడీ వెలిగి రేడియో ఎప్పుడూ ప్రసారంలోనే ఉండిపోవచ్చు. ఆప్టోకప్లర్ రెండో వైపు కలెక్టర్‌ను మూడో పిన్నుకు, ఎమిటర్‌ను రెండో పిన్నుకు ఇవ్వండి. కొన్ని మాడ్యూళ్లలో ఆర్‌టీఎస్ బదులు డీటీఆర్ పిన్నే బయటికి ఉంటుంది. అదీ పనికొస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో డీటీఆర్ ఎంచుకుంటే చాలు.

అంతా ఒక చిన్న లోహపు డబ్బాలో పెట్టి మూయండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు.

ముందు వినండి

పీటీటీ తీగ ఇంకా కలపవద్దు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయండి. లైనక్స్ వాడేవాళ్లు తమ యూజర్‌ను డయల్అవుట్ గ్రూపులో చేర్చాలి, లేకపోతే సీరియల్ పోర్టు తెరుచుకోదు.

సెట్టింగ్స్‌లో మొదటి పేజీలో మీ కాల్‌సైన్, గ్రిడ్ (భూగోళాన్ని గళ్లుగా విడగొట్టిన మ్యాపులో మీ గడి పేరు) ఇవ్వాలి. విజయవాడ, గుంటూరు, తెనాలి అన్నీ ఎన్‌కే06లోకే వస్తాయి. 80 నుంచి 82 డిగ్రీల తూర్పు రేఖాంశం, 16 నుంచి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మధ్య ఉన్న చతురస్రం అది. వినుకొండ వెళ్తే 80 డిగ్రీల గీత దాటి పడమరకు వెళ్లినట్టే, అక్కడ ఎంకే96. బాపట్ల 16 డిగ్రీలకు కొంచెం దిగువన ఉంది కాబట్టి ఎన్‌కే05.

ఆడియో పేజీలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ యూఎస్‌బీ సౌండ్ కార్డుకే పెట్టండి. తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దీనికి పూర్తిగా ఉల్టా పని చేయాలి: విండోస్ డిఫాల్ట్ స్పీకర్, డిఫాల్ట్ మైకు ల్యాప్‌టాప్‌వే ఉండాలి. లేకపోతే మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆ టింగుమనే శబ్దం కూడా గాల్లోకి వెళ్తుంది. సౌండ్ కార్డు శాంపిల్ రేటు 48000 హెర్ట్జ్ పెట్టి, ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ తీసేయండి.

రేడియోను 14.074 మెగాహెర్ట్జ్ మీద, చీకటి పడ్డాక అయితే 7.074 మీద పెట్టండి. 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్) మాట్లాడేటప్పుడు లోయర్ సైడ్‌బ్యాండ్ వాడే అలవాటు ఉంటుంది కానీ ఎఫ్‌టీ8కు ఏ బ్యాండ్‌లోనైనా అప్పర్ సైడ్‌బ్యాండే. రేడియో మెనూలో కనిపించే యూఎస్‌బీ అంటే ఈ అప్పర్ సైడ్‌బ్యాండ్ అనే అర్థం, కేబుల్ కాదు. కొత్తవాళ్లు ఇక్కడ బాగా తికమకపడతారు. ఐకామ్‌లో యూఎస్‌బీ-డి, యాయెసులో డేటా-యూ లేదా డిగ్ అని ఉన్న మోడ్ ఎంచుకోండి. నాయిస్ బ్లాంకర్, నాయిస్ రిడక్షన్, స్పీచ్ ప్రాసెసర్ ఆపేయండి. ఫిల్టర్ 3 కిలోహెర్ట్జ్ వెడల్పుకు తెరవండి.

సాఫ్ట్‌వేర్ కిటికీలో ఎడమ వైపు కింద పచ్చ రంగు మీటరు కనిపిస్తుంది. బ్యాండ్‌లో నాయిస్ మాత్రమే ఉన్నప్పుడు అది 30 డెసిబెల్స్ దగ్గర ఉండేలా మైకు లెవెల్ తగ్గించో పెంచో సరిచేయండి. ఎర్రబడితే ఎక్కువైనట్టు. వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను గీతలుగా చూపే కిటికీ) మీద నిలువుగా సన్నటి గీతలు కిందికి దిగుతూ కనిపిస్తే మీ చెవి పనిచేస్తున్నట్టే.

గడియారం

గీతలు కనిపిస్తున్నాయి, పేర్లు మాత్రం పడటం లేదంటే తొంభై పాళ్లు గడియారం తప్పే. ఎఫ్‌టీ8లో ప్రపంచమంతా 15 సెకన్ల వంతుల్లో పనిచేస్తుంది. ప్రతి నిమిషం 0, 15, 30, 45 సెకన్లకు వంతు మొదలవుతుంది, ప్రసారం 12.64 సెకన్లు సాగుతుంది. మీ గడియారం సెకను తేడాలో ఉంటేనే ఆట సవ్యంగా నడుస్తుంది. విండోస్ తనంతట తాను సమయం సరిచూసుకోవడం చాలా అరుదు. మొదలుపెట్టే ముందు టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ బటన్ నొక్కడం అలవాటు చేసుకోండి.

డీకోడ్ అయిన వరసల్లో డీటీ అనే నిలువు వరస ఉంటుంది. అందులో అంకెలు సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉంటే బాగున్నట్టు. అన్ని స్టేషన్లకూ 1.1, 1.2, 1.0 అని వస్తుంటే తప్పు వాళ్లది కాదు, మీ గడియారం సెకనుకు పైగా ముందుంది. సాఫ్ట్‌వేర్ చూపించే సమయం యూటీసీ కాబట్టి మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, దాన్ని చూసి గడియారం మార్చేయకండి.

ఇక్కడిదాకా వచ్చాక రెండు మూడు రోజులు ఊరికే వినండి. ఏ వేళ ఏ దేశాలు వస్తున్నాయో మీకే తెలుస్తుంది. నా అనుభవంలో 20 మీటర్ల బ్యాండ్‌లో (14 మెగాహెర్ట్జ్) మధ్యాహ్నం దాటాక యూరప్ మొదలై, సాయంత్రానికి కిక్కిరిసిపోతుంది.

వేలు

ఇప్పుడు పీటీటీ తీగ కలపండి. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పంపకుండా వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టండి, పవర్ అయిదు వాట్లకు తగ్గించండి. సెట్టింగ్స్‌లోని రేడియో పేజీలో మీ రేడియో మోడల్, కామ్ పోర్టు నంబరు, బాడ్ రేటు (డేటా వెళ్లే వేగం) ఇవ్వాలి. బాడ్ రేటు రేడియో మెనూలో ఎంత ఉందో ఇక్కడా అంతే ఉండాలి. క్యాట్ లేకుండా సొంత ఇంటర్‌ఫేస్ అయితే రేడియో "నన్" అని, పీటీటీ ఆర్‌టీఎస్ అని పెట్టండి. క్యాట్ ఉన్నవాళ్లు టెస్ట్ క్యాట్ నొక్కితే బటన్ పచ్చబడాలి. టెస్ట్ పీటీటీ నొక్కితే ఎర్రబడి, రేడియోలో ప్రసారపు లైటు వెలగాలి. మళ్లీ నొక్కితే ఆరాలి.

ఒక జాగ్రత్త. నేను మొదట కట్టిన ఇంటర్‌ఫేస్‌తో ఒక రోజు రేడియో ఆన్‌లో ఉంచే ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి ప్రసారపు లైటు వెలుగుతూ ఉంది. కంప్యూటర్ లేచేటప్పుడు సీరియల్ పోర్టు పిన్నులు పైకీ కిందికీ ఊగుతాయి, ఒక్కోసారి అలాగే నిలిచిపోతాయి. ఆ రోజు రేడియోకు ఏమీ కాలేదు కానీ చాలాసేపు నా గుండె దడ తగ్గలేదు. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ ముందు, సాఫ్ట్‌వేర్ తర్వాత, రేడియో అన్నిటికన్నా చివర. ఆపేటప్పుడు రేడియో మొదట. మీరూ ఇదే వరస పాటించండి.

నోరు

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. ఎఫ్‌టీ8లో ఒకే 3 కిలోహెర్ట్జ్ గదిలో పదుల కొద్దీ స్టేషన్లు భుజం భుజం రాసుకుని కూర్చుంటాయి. మీ ఆడియో ఎక్కువైతే మీ గీతకు అటూ ఇటూ నకిలీ గీతలు పుడతాయి, వాటి కింద పక్కవాడి బలహీనమైన సిగ్నల్ నలిగిపోతుంది. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో కూర్చున్న మనిషి రాత్రంతా ఒక్క జవాబు కోసం పిలుస్తూ ఉండవచ్చు. ఆ మనిషి వంతు మనం పాడుచేయకూడదు.

డమ్మీ లోడ్ మీదే చేయండి. వంద వాట్ల రేడియో అయితే పవర్ 30 వాట్లకు పెట్టండి. విండోస్ అవుట్‌పుట్ సగానికి, సాఫ్ట్‌వేర్ కుడి వైపు ఉన్న పవర్ స్లైడర్ పూర్తిగా కిందికి దించండి. రేడియో మీటరును ఏఎల్‌సీకి (ఆడియో ఎక్కువైతే రేడియో తనంతట తాను తగ్గించడాన్ని చూపేది) మార్చి ట్యూన్ బటన్ నొక్కండి. స్లైడర్‌ను మెల్లగా పైకి జరుపుతూ ఏఎల్‌సీ ముల్లు కదలడం మొదలయ్యే చోటు చూడండి. అక్కడి నుంచి ముల్లు మళ్లీ పడుకునేదాకా వెనక్కి దించండి. అదే మీ చోటు. బ్యాండ్ మార్చినప్పుడల్లా మళ్లీ చూడాలి, ఒక బ్యాండ్‌లో కుదిరింది ఇంకో బ్యాండ్‌లో కుదరదు.

రేడియో పేజీలో స్ప్లిట్ అనే చోట "ఫేక్ ఇట్" ఎంచుకోండి. మీరు 700 హెర్ట్జ్ టోన్ పంపితే దాని హార్మోనిక్ 1400 దగ్గర, 2100 దగ్గర కూడా బయటికి పోవచ్చు. ఫేక్ ఇట్ ఉంటే సాఫ్ట్‌వేర్ రేడియో ఫ్రీక్వెన్సీనే జరిపి, ఆడియో టోన్‌ను 1500 నుంచి 2000 మధ్యే ఉంచుతుంది. అప్పుడు హార్మోనిక్‌లు 3000 దాటి ఫిల్టర్ అవతల పడిపోతాయి. దీనికి క్యాట్ కావాలి. క్యాట్ లేనివాళ్లు తమ టోన్‌ను 1500 పైనే పెట్టుకోండి.

30 వాట్లు చాలా అని అడగొద్దు, చాలు. మాట్లాడేటప్పుడు పవర్ ఎగుడుదిగుడుగా వెళ్తుంది, ఎఫ్‌టీ8లో 12 సెకన్లకు పైగా నిండుగా వెళ్తుంది. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు గది గోడలే కాలిపోతుంటే, రేడియో హీట్ సింక్ చల్లబడేదెలా? మే నెలలో నేను 20 వాట్లు దాటను, రేడియో వెనక చిన్న ఫ్యాన్ పెడతాను.

ప్రసారం మొదలవగానే కేబుల్ ఊడినట్టయితే

డమ్మీ లోడ్ మీద అంతా బాగుండి, యాంటెన్నా పెట్టగానే మౌస్ ఆగిపోవడం, కామ్ పోర్టు మాయమవడం, ప్రసారం ఆగకుండా నిలిచిపోవడం జరిగితే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించకండి. యాంటెన్నా నుంచి ఆర్‌ఎఫ్ (రేడియో శక్తి) తిరిగి గదిలోకి వస్తోంది. ముందు ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూడండి. తర్వాత యూఎస్‌బీ కేబుల్‌ను మీటరు లోపు పొట్టిదానికి మార్చి, ఒక ఫెరైట్ రింగు చుట్టూ ఆరేడు చుట్లు తిప్పండి. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) యాంటెన్నాకు కలిసే చోట కూడా ఒక చోక్ (ఆ ఆర్‌ఎఫ్‌ను ఆపే చుట్ట) ఉండాలి.

వినేటప్పుడు వాటర్‌ఫాల్ మీద సమాన దూరాల్లో మందపాటి గీతలు కదలకుండా నిలబడి ఉంటే, ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. గీతలు పోతే దొంగ దొరికినట్టే. బ్యాటరీ మీద నడపడమే తేలికైన దారి.

మొదటి కాంటాక్ట్

యాంటెన్నా పెట్టి వాటర్‌ఫాల్‌లో ఖాళీ చోటు చూసి, షిఫ్ట్ నొక్కి అక్కడ క్లిక్ చేయండి. హోల్డ్ టీఎక్స్ గడిలో టిక్ పెట్టండి. సీక్యూ పిలుస్తున్న ఒక గట్టి స్టేషన్ మీద డబుల్ క్లిక్ చేస్తే మిగతాదంతా సాఫ్ట్‌వేర్ నడిపిస్తుంది: మీ గ్రిడ్, వాళ్లిచ్చే రిపోర్టు, మీరిచ్చే రిపోర్టు, ఆర్‌ఆర్73 (అందింది, సెలవు), 73 (సెలవు). ఒకటిన్నర నిమిషంలో పూర్తి. మూడు నాలుగు వంతులు పిలిచినా పలకకపోతే వదిలేసి ఇంకొకరిని చూడండి. మీ సిగ్నల్ ఎక్కడెక్కడ వినిపించిందో పీఎస్‌కే రిపోర్టర్ సైటులో మ్యాపు మీద కనిపిస్తుంది.

ఎఫ్‌టీ8 అలవాటయ్యాక ఇదే కేబుల్‌తో జేఎస్8కాల్ కూడా పెట్టుకోండి. ఎఫ్‌టీ8లో సొంత మాట 13 అక్షరాలకు మించి పంపలేం. జేఎస్8కాల్‌లో కీబోర్డు మీద టైపు చేసి పూర్తి సందేశం పంపవచ్చు, మధ్యలో ఇంకో స్టేషన్ ద్వారా అందించవచ్చు. 40 మీటర్లలో 7.078, 20 మీటర్లలో 14.078 మీద ఉంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ ఇళ్లలో కరెంటు లేదు. అలాంటి రోజు టేబుల్ మీద ఉన్న పరికరం పనికి రావాలంటే దాన్ని ముందే నడిపి చూసి ఉండాలి. ఒక ఆదివారం మెయిన్ స్విచ్ ఆపేసి, రేడియోను 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, ల్యాప్‌టాప్ చార్జర్ పక్కన పెట్టి, 10 వాట్లతో గుంటూరు నుంచి విశాఖకో హైదరాబాద్‌కో ఒక సందేశం పంపి చూడండి. ఎన్ని గంటలు నడిచిందో లాగ్ పుస్తకంలో రాసుకోండి.